అన్యగ్రహాలపై యంత్రశకటాలు – మన కాలిక్రింది రాళ్ళు

2022వ సంవత్సరం డిసెంబరు 7వ తేదీన వికారాబాదు జిల్లా మర్పల్లి మండలంలోని మొగిలిగుండ్ల గ్రామపు పొలాలలో ఆకాశం నుండి ఒక వింత వస్తువు దిగింది. పెద్ద గది వలె గుండ్రంగా ఉన్న ఆ వస్తువును చూడడానికి చుట్టుప్రక్కల జనం తండోపతండాలుగా తరలివచ్చారు. ఎవరికి తోచిన ఊహ వారు చేశారు. తరువాత నిజం తెలిసింది. యాత్రికులను బెలూన్ల సాయంతో భూవాతావరణపు పై పొరలకు తీసుకొనిపోవాలని సంకల్పించిన హాలో స్పేస్ అనే స్పెయిన్ దేశపు సంస్థ తయారుచేసిన నమూనా గది అది. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుండి దానిని పైకి పంపి, పరీక్ష ముగిసిన పిదప క్రిందికి దించారు.

ఆ గదిలో మనిషి లేడు. ఆ సంఘటనలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచిన విషయం అదే. వానాకాలంలో పొంగిన వాగును దాటవలసిన మన పల్లె రైతు ముందుగా చేతికర్రతో లోతు చూస్తాడు; ఆ తరువాతనే అడుగు వేస్తాడు. తెలియని చోటికి ముందు యంత్రం వెళ్ళాలి, మనిషి తరువాత వెళ్ళాలి అనే నేటి విజ్ఞానుల నియమం ఆ రైతు వివేకం కంటె వేరైనది కాదు. చంద్రునిపైకి, అంగారకునిపైకి పంపుతున్న రోవర్లు, అనగా చక్రాలపై నడిచే యంత్రశకటాలు, మానవజాతి చేతిలోని అట్టి కర్రలే.

సాహిత్యం బోధించే వానికి ఈ గ్రహశకటాల ప్రసక్తి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. దీనికి కారణం ఒక విద్యార్థి వేసిన ప్రశ్న. 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలం మన చంద్రయాన్-3 నౌక చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతానికి చేరువలో క్షేమంగా దిగింది. విక్రమ్ అనే ఆ నౌక నుండి ప్రజ్ఞాన్ అనే 26 కిలోల ఆరుచక్రాల శకటం నేలకు దిగి నడిచింది. మరునాడు తరగతిలో అందరూ ఆ మాటే. నేను కూడ పాఠం ప్రక్కన పెట్టి ఆ విజయాన్ని గూర్చి ఉత్సాహంగా మాట్లాడుతున్నాను. అంతలో వెనుక బల్ల నుండి తాండూరు వైపు పల్లెకు చెందిన ఒక అబ్బాయి లేచి, "సార్, చంద్రుని మీద బండి నడిపారు, సంతోషమే. మా ఊరికి బస్సు మాత్రం సరిగా రాదు. ఆ బండితో మాకేం పని?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆనాడు తగిన సమాధానం కూడ చెప్పలేకపోయాను. ఆ ఋణం తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా ఈ శకటాల చరిత్రను సంగ్రహంగా చూద్దాం. పరలోకపు నేలపై మొట్టమొదట నడిచిన యంత్రశకటం సోవియట్ యూనియన్ వారి లూనొఖోద్-1. 1970 నవంబరు 17న చంద్రునిపై దిగి, సుమారు పది కిలోమీటర్లు తిరిగింది. అంగారకునిపై నడిచిన తొలి శకటం అమెరికా వారి సోజర్నర్. 1997 జులై 4న అక్కడకు చేరిన ఆ శకటం బరువు పది కిలోల పైచిలుకు మాత్రమే. 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ అనే జంట శకటాలు దిగాయి. ఒక్కొక్కటి 90 దినాలు పనిచేస్తే చాలునని పంపినవారి ఆశ. స్పిరిట్ 2010 వరకు, ఆపర్చునిటీ 2018 వరకు పనిచేశాయి. 2012లో క్యూరియాసిటీ, 2021 ఫిబ్రవరిలో పర్సివరెన్స్, అదే సంవత్సరం మే మాసంలో చైనా వారి జురోంగ్ అంగారకునిపై దిగాయి.

భూమి నుండి అంగారకునికి వార్త చేరడానికి గ్రహాల స్థానాలను బట్టి మూడు నిమిషాల నుండి ఇరవై రెండు నిమిషాల వరకు పడుతుంది. ఎదుట గొయ్యి ఉన్నదని శకటం తెలిపి, ఆగుమని మనం ఆజ్ఞాపించి, ఆ ఆజ్ఞ దానికి చేరేలోపల శకటం గోతిలో పడిపోగలదు. కనుక రాళ్ళను, గోతులను తానే గుర్తించి తప్పుకొనే తెలివిని దానికి ముందే నేర్పి పంపాలి. చంద్రుడు మనకు సమీపస్థుడు. అక్కడకు మాట సుమారు ఒక క్షణంలో చేరుతుంది. అందుచేతనే ప్రజ్ఞాన్‌ను ఇక్కడి నుండి అడుగడుగునా నడిపించగలిగారు. 2023 ఆగస్టు 27న దాని దారిలో నాలుగు మీటర్ల వెడల్పు గల గొయ్యి ఎదురైంది. మూడు మీటర్ల దూరంలోనే దానిని గమనించి, వచ్చిన దారినే వెనుకకు మళ్ళించారు. చంద్రుని ఒక్క పగలు, అనగా మన లెక్కలో పదునాలుగు దినాలు, పనిచేయడానికే ఉద్దేశింపబడిన ఆ శకటం నూరు మీటర్లకు పైగా నడిచింది. ఆ నేలలో గంధకం ఉన్నదని నిర్ధారించింది. దాని పరికరం ఇచ్చిన కొలతలు, చంద్రుడు పుట్టిన తొలినాళ్ళలో కరిగిన శిలాసముద్రంతో కప్పబడి ఉండెనన్న సిద్ధాంతానికి బలం చేకూర్చాయని 2024లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. చంద్రుని రాత్రి గడచిన పిదప ప్రజ్ఞాన్ మేల్కొనలేదు. అయినను తనకు అప్పగించిన పనిని అది అప్పటికే పూర్తి చేసింది.

యంత్రం కంటె మనిషే మేలనేవారు ఉన్నారు. వారి వాదంలో బలం లేకపోలేదు. 1972 డిసెంబరులో అపోలో-17 యాత్రికులు తమ వాహనంపై మూడు దినాలలోనే సుమారు 35 కిలోమీటర్లు తిరిగారు. ఆపర్చునిటీ శకటం పదునాలుగు సంవత్సరాలలో నడిచినది 45 కిలోమీటర్లు మాత్రమే. ఆనాటి యాత్రికులలో ఒకరైన హారిసన్ ష్మిట్ భూగర్భ శాస్త్రవేత్త. ఒక గొయ్యి అంచున నారింజ రంగు మట్టిని ఆయన కన్ను ఇట్టే పట్టుకొన్నది. శిక్షణ పొందిన మనిషి కన్నుకు సాటి రాగల యంత్రం నేటికీ లేదు.

అయినప్పటికీ గ్రహాలపైకి ముందుగా యంత్రమే వెళ్ళాలన్నది నా నిశ్చితాభిప్రాయం. దీనికి మూడు కారణాలు చెబుతాను. మొదటిది ప్రాణం విలువ. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 నౌక దిగే వేళ చంద్రునిపై కూలిపోయింది. దేశమంతా బాధపడింది. కాని ఏ తల్లీ బిడ్డను పోగొట్టుకోలేదు. లోపాలను సవరించుకొని నాలుగేండ్లలో మళ్ళీ వెళ్ళాం, గెలిచాం. అందులో మనుషులుండి ఉంటే, ఆ దుఃఖం మనలను ఎన్ని సంవత్సరాలు వెనుకకు లాగి ఉండేదో!

రెండవది స్థోమత. చంద్రయాన్-3కు అయిన వ్యయం సుమారు 615 కోట్ల రూపాయలు. నూట నలభై కోట్ల జనాభాకు పంచితే తలకు నాలుగున్నర రూపాయలైనా కాదు. బస్టాండులో ఒక కప్పు చాయ్ కూడ రాదు. మనుషులను పంపవలసి వస్తే వారికి గాలి, నీరు, ఆహారం, తిరుగు ప్రయాణం అన్నీ సమకూర్చాలి. ఆ భారం మోయగల దేశాలు బహుకొద్ది. యంత్రశకటమైతే మనవంటి దేశం కూడ పంపగలదు. జ్ఞానం ఒకరిద్దరు ధనవంతుల సొత్తు కాకుండా ఉండాలంటే, దానిని చేరే దారి చౌకగా ఉండాలి.

మూడవది శుచి. అంగారకునిపై ప్రాణి ఏనాడైనా ఉండెనా అన్నది మానవుడు అడిగిన గొప్ప ప్రశ్నలలో ఒకటి. మనిషి వెళితే అతని ఊపిరితో, చర్మంతో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కూడ వెళతాయి. అప్పుడు దొరికిన జాడ అంగారకునిదా, మనం మోసుకుపోయినదా అని తేల్చడం దుర్లభం. యంత్రాన్ని ముందే శుద్ధి చేసి పంపవచ్చు. మనిషిని అట్లు శుద్ధి చేయలేము. సాక్ష్యాన్ని చెరపకుండా విచారణ జరపడం న్యాయమూర్తి ధర్మం కదా!

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఆ బండితో మనకేం పని? దీనికి సమాధానం ఆకాశంలో కంటె మన కాలిక్రింద ఎక్కువగా ఉన్నది.

వికారాబాదు పరిసరాల ఎర్రనేలను చూడని వారు మనలో లేరు. దక్కను పీఠభూమిపై సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం పొంగి ప్రవహించిన లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. దానినే బసాల్టు అంటారు. వానకు, ఎండకు యుగయుగాలుగా నలిగి, అందులోని ఇనుము ఆక్సిజనుతో కలిసి త్రుప్పుగా మారి, పైభాగం ఎర్రబడింది. చంద్రునిపై మనం కుందేలు మచ్చ అని పిలిచే నల్లని మైదానాలు కూడ బసాల్టుతో ఏర్పడినవే. అంగారకుని నేలలో అధికభాగం బసాల్టే. దాని ఎరుపునకు కారణం కూడ త్రుప్పే. కోట్ల కిలోమీటర్ల దూరాన శకటాలు తవ్వి పరీక్షిస్తున్న రాతికి దాయాది మన ఇంటి పునాదిలో ఉన్నది.

2012లో క్యూరియాసిటీ శకటం కనుగొన్న తొలి విశేషాలలో ఒకటి కొన్ని గులకరాళ్ళు. అవి నునుపుగా, గుండ్రంగా ఉన్నాయి. గాలి అంత పెద్ద రాళ్ళను దొర్లించి గుండ్రపరచలేదు. నీరే ఆ పని చేయగలదు. కనుక అక్కడ ఒకనాడు వాగు పారిందని నిర్ణయించారు. తాండూరు ప్రక్కన పారే కాగ్నా నది ఎండిన వేసవిలో ఆ ఒడ్డున నిలిచి చేతికి వచ్చిన గులకరాయిని చూడండి. నీరు లేకపోయినను ఆ రాయి నీటి కథ చెబుతుంది. అంగారకునిపై యంత్రం చేసిన ఆలోచన అంతకంటె వేరు కాదు.

తాండూరు నాపరాళ్ళు దేశమంతటా ఇళ్ళ నేలపై పరచబడ్డాయి. మన విద్యార్థులలో ఎందరి తండ్రులో ఆ గనులలో, పాలిషింగ్ కర్మాగారాలలో దుమ్ము మింగుతూ కష్టపడుతున్నారు. ఆ బండ పొరలు పొరలుగా ఎందుకు విడిపోతుంది? అది ఒకనాటి సముద్రపు అడుగున పొరమీద పొరగా పేరుకొన్న సున్నపు బురద. చెట్టు, చేప పుట్టక పూర్వపు కాలం నాటిది. పర్సివరెన్స్ శకటం దిగిన జెజెరో గుండం కూడ ఒకప్పటి సరస్సే. అక్కడ ఒక నది వచ్చి కలిసిన జాడ ఉన్నందున, సున్నపురాతి జాతికి చెందిన కార్బనేటు ఖనిజాలు ఉన్నందున, ఆ స్థలాన్ని ఎన్నుకొన్నారు. 2024లో ఆ ప్రాంతపు పాతనది లోయలో ఒక బురదరాతిపై చిరుతపులి మచ్చల వంటివి కనిపించాయి. అవి పురాతన సూక్ష్మజీవుల జాడలు కావచ్చునని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. "కావచ్చును" అన్నారే కాని "అవును" అనలేదు. జీవం లేకుండా కూడ అట్టి మచ్చలు ఏర్పడే అవకాశమున్నదని, నిర్ధారణకు ఇంకను పరీక్షలు కావాలని వారే చెప్పారు.

ఈ ఒక్క మాటలోని నిజాయితీని నేను గొప్ప పాఠంగా భావిస్తాను. కోట్లు ఖర్చు పెట్టి, ఏండ్ల తరబడి శ్రమించి, కోరిన ఫలం చేతికి అందేటట్టు కనిపించినప్పుడు కూడ ఋజువు చాలలేదని ఒప్పుకోవడం సామాన్యమైన సంస్కారం కాదు. మనమో! కుజదోషమన్న మాట చెవిన పడగానే చక్కని పిల్ల వివాహం ఆపివేసే వారున్నారు. మా ఇళ్ళలో జాతకాలు చూడకపోవచ్చు గాని, గ్రహణవేళ గర్భిణి కత్తి పట్టరాదని గదిలో కూర్చోబెట్టే పెద్దలు మాలోనూ ఉన్నారు. ఆకాశాల సృష్టిని గూర్చి, భూమి సృష్టిని గూర్చి యోచించుమని పవిత్ర ఖురాన్ పలుచోట్ల బోధిస్తుంది. భయపడి తలుపులు మూసుకొమ్మని బోధించదు. ఆ కుజుని ఎర్రనేలపై చక్రాల జాడలు పడి దాదాపు మూడు దశాబ్దాలు కావస్తున్నది. ఆ జాడలు మన మనస్సులపై ఎప్పుడు పడతాయి?

స్పిరిట్ శకటం కథ కూడ విద్యార్థులు తెలుసుకోదగినది. 2006లో దాని ముందు చక్రాలలో ఒకటి తిరగడం మానివేసింది. కుంటివాడు కాలీడ్చినట్లు అది ఆ చక్రాన్ని ఈడ్చుకొంటూ వెనుకకు నడిచింది. ఈడ్చిన చాలులో 2007లో తెల్లని మట్టి బయటపడింది. అది సిలికాతో నిండిన మట్టి. వేడినీటి ఊటలో, ఆవిరి గుంటలో ఒకప్పుడు అక్కడ ఉండెనని దాని వలన తెలిసింది. చక్రం చెడకపోతే ఆ మట్టి బయటపడేదే కాదేమో! పేదరికం, పల్లెటూరి చదువు, ఇంగ్లీషు రాదన్న బెరుకు మన పిల్లలలో కొందరికి చెడిన చక్రాల వంటివి. అవి ఉన్నంత మాత్రాన ప్రయాణం ఆపరాదు.

బెరుకు మాట వచ్చింది కనుక భాషను గూర్చి రెండు మాటలు. విజ్ఞానం ఇంగ్లీషులోనే ఉంటుందని, ఉర్దూ తెలుగులు కవిత్వానికే తగినవని నేడు చాలమంది భ్రమ. హైదరాబాదు చరిత్ర దీనికి విరుద్ధంగా సాక్ష్యమిస్తున్నది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమంతటినీ చిత్రించే అంతర్జాతీయ కృషిలో పాల్గొని లక్షల నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. 1906లో హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మొదలైన వారు నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు ప్రచురించింది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదించగా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ భాషలోనే భౌతిక, గణిత, వైద్య శాస్త్రాలను బోధించింది. మిర్రీఖ్ అన్నా, అంగారకుడు అన్నా గ్రహం ఒక్కటే. అడిగే ప్రశ్న ఏ భాషలో ఉన్నా రాయి సమాధానం చెబుతుంది. మన రెండు భాషల పిల్లలు ఒకే బల్లపై కూర్చుండే ఈ కళాశాలలో ఆ సంప్రదాయాన్ని మళ్ళీ బ్రతికించలేమా?

ఇప్పుడు బస్సు సంగతి. ఆ అబ్బాయి అడిగినది తప్పు ప్రశ్న కాదు. ఊరికి బస్సు రావడం అతని హక్కు. కాని చంద్రునికి బండి పంపడం మానితే ఊరికి బస్సు వస్తుందని నేను నమ్మను. తలకు నాలుగు రూపాయలు మిగిలినంత మాత్రాన బస్సు కదలదు. ఊరివారు కలిసి పదేపదే అడిగితే కదులుతుంది. పైగా అంతరిక్ష విద్య ఊరిని మరచినది కాదు. మనకు పొరుగుననే ఉన్న షాద్‌నగర్ కేంద్రంలో ఉపగ్రహాల చిత్రాలను అందుకొంటారు. భూగర్భజలం ఎక్కడ దొరకవచ్చునో సూచించే పటాలు అట్టి చిత్రాల ఆధారంగానే తయారయ్యాయి. బోరు ఎండిపోయిన రైతుకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దేశాల మధ్య జెండాల పోటీ కోసమే శకటాలను పంపితే మాత్రం ఆ విద్యార్థితో పాటు నేనూ ఎదిరిస్తాను. అడగదగిన ప్రశ్న ఉన్నప్పుడే బండి కదలాలి.

2024 ఆగస్టు 23న చంద్రయాన్-3 సేకరించిన సమాచారాన్ని అంతరిక్ష సంస్థ వారు అందరికీ అందుబాటులో ఉంచారు. తాండూరులోని విద్యార్థిని సైతం దానిని తెరచి చూడవచ్చు. భవిష్యత్తులో జపానుతో కలిసి 250 కిలోల శకటాన్ని చంద్రునిపైకి పంపే చంద్రయాన్-5కు 2025లో అనుమతి లభించింది. ఆ శకటం పంపే రాళ్ళ వార్తలను చదివి అర్థం చెప్పవలసిన వారు ఎవరు? నేడు ఇంటర్మీడియట్ బల్లలపై ఉన్న వారే కదా!

కనుక అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు ఒక చిన్న మనవి. మన కళాశాలలో ఒక రాళ్ళ బీరువా పెడదాం. అనంతగిరి దారిలోని ఎర్రరాయి, పొలంలోని నల్లరాయి, తాండూరు నాపరాయి, కాగ్నా గులకరాయి తెచ్చి అందులో ఉంచుదాం. ప్రతి రాతి క్రింద ఉర్దూలో, తెలుగులో దాని పేరు, దొరికిన చోటు, దాని కథ వ్రాద్దాం. తెలియని చోట తెలియదనే వ్రాద్దాం. దీనికి నిధులు అక్కరలేదు. ఎవరి అనుమతీ అక్కరలేదు.

నన్ను ప్రశ్నించిన ఆ అబ్బాయి ఈ పుటలు చదువుతాడో లేదో! చదివితే మాత్రం అతని ఊరి బస్సు కొరకు వ్రాసే అర్జీని దిద్దిపెట్టడానికి తెలుగు మాస్టారు సిద్ధంగా ఉన్నాడని గ్రహించుగాక. ఆ అర్జీ తెచ్చే రోజున తన ఊరి రాయిని కూడ ఒకటి జేబులో వేసుకొని రమ్మని నా కోరిక.